బుల్లెట్‌కు 24 చాలదా?

పన్నెండు దాటింది. సాయంత్రం ఒక బుల్లెట్ యజమాని అన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. "28 కార్బరేటర్ వేయించానన్నా, అయినా పికప్ రాలేదు. ఇప్పుడు కంప్రెషన్ పెంచమంటున్నారు."

పాత క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుప బారెల్, అంటే సిలిండర్ ఉన్న) రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 అది. బోరు 70, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, 346 సీసీ. దానికి వచ్చిన మిక్‌కార్బ్ వీఎం24 కార్బరేటర్ (24 అంటే గాలి పోయే దారి వ్యాసం, మిల్లీమీటర్లలో) పీకేసి, 500 బండి వీఎం28 బిగించారు. తేడా నాలుగు మిల్లీమీటర్లే, కానీ దారి వైశాల్యం 36 శాతం పెరిగింది. ఇంజిన్ పీల్చే గాలి మాత్రం అంతే. దారి వెడల్పయిన కొద్దీ గాలి వేగం తగ్గుతుంది, జెట్ అనే సన్న రంధ్రంలోంచి పెట్రోలును పైకి లాగే గుంజుడూ తగ్గుతుంది. అందుకే టాప్ గేర్‌లో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పితే బండి క్షణం చచ్చుబడి, ఆ తర్వాత లేస్తోంది.

కోపం వచ్చింది 28 వేసినందుకు కాదు, జెట్లు ఒక్కటీ చూడకుండా బండి అప్పగించినందుకు. యాక్సిలరేటర్ ఎనిమిదో వంతు తిప్పేదాకా పెట్రోలు, గాలి కలయికను నడిపేది పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ. పావు దాకా గాలి దారిని తెరిచే స్లైడ్ అడుగున ఉన్న కోత. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కు వేలాడే సూది, నీడిల్. ఆపైన మెయిన్ జెట్. తంటా ఏ భాగంలో వస్తోందో చూస్తే ఏది ముట్టుకోవాలో తెలిసిపోతుంది. ఇక్కడ అవి ఏవీ చూడలేదు. హెడ్‌లోని పోర్టు (గాలి లోపలికి వెళ్లే దారి) 24కి సరిపడానే ఉంది, 28 నోటి నుంచి వచ్చే గాలికి అక్కడ మెట్టు తగులుతోంది. వేలు పెడితే తెలుస్తుంది, అంత అంచు.

కార్బరేటర్ వదిలేసి ముందు కంప్రెషన్ చూసుకోవాలి, అసలు బలం అక్కడే అని రాద్దామనే కూర్చున్నాను. లెక్క వేశాక మాట మార్చుకోవాల్సి వస్తోంది. కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ లోపలి గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, 7.25 ఉన్న ఇంజిన్‌ను 8.5కి తీసుకెళ్తే, పుస్తకంలోని ఒట్టో సైకిల్ (పెట్రోలు ఇంజిన్ పనితీరు) సూత్రం ప్రకారం సామర్థ్యం దాదాపు 54.7 నుంచి 57.5 శాతం అవుతుంది. అంటే బలంలో ఐదు శాతం. 18 హార్స్‌పవర్ బండికి ఒకటి కూడా పూర్తిగా రాదు. దానికి హెడ్ లోపలి ఖాళీ 55 సీసీ నుంచి 46కి తగ్గాలి. బారెల్ అడుగు ఒక మిల్లీమీటరు తీస్తే తగ్గేది 3.85 సీసీ, కాబట్టి 2.4 మిల్లీమీటర్లు తీయాలి. వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. పిస్టన్ మీద బంకమట్టి అద్ది, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, ఆ మట్టి మందం కొలవకుండా కిక్కు కొట్టకూడదు.

నాన్న బండి కిక్కు గుర్తొస్తోంది. ఆంపియర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా పెడల్ మెల్లగా నొక్కడం, సిలిండర్‌లో ఒత్తిడిని వదిలించే డీకంప్రెసర్ లివర్ పట్టుకుని ఇంకాస్త కిందికి దించడం, లివర్ వదిలేసి పెడల్‌ను పైకి రానివ్వడం, అప్పుడు మొత్తం బరువు వేయడం. ఆ ఎదురుతోపు మోకాలికి తెలిసేది. తోపు మెత్తబడిన రోజు వాల్వు సీట్లు చూడాలనేవారు. ఒకసారి హెడ్ విప్పితే పిస్టన్ మీద నల్లటి బొగ్గు పొర, అంచున గోరుతో గీకితే పెళ్లలుగా లేచింది. ఆ పొర కూడా ఖాళీని తింటుంది, కంప్రెషన్ కాస్త పెంచుతుంది, ఎర్రగా కాలి నాకింగ్ (ఇంజిన్ టకటక కొట్టడం) తెస్తుంది. అది శుభ్రం చేసి, స్పార్క్ ఇచ్చే పాయింట్ల టైమింగ్ పిస్టన్ పై అంచుకు చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు పెట్టేసరికి ఎక్కుడులో ఆ టకటక పోయింది. ఏ పార్టూ మార్చలేదు.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇ20, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆక్టేన్ ఎక్కువ కాబట్టి నాకింగ్ తగ్గుతుంది, కంప్రెషన్ పెంచేవాళ్లకు అది అనుకూలమే. కానీ ఇథనాల్ లేని పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు సరిపోతే, ఇ20కి 13.5 దగ్గరే చాలు. పాత జెట్‌తో నడిచే బండి ఎనిమిది శాతం దాకా లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అయిపోయినట్టే. ఇనుప బారెల్‌కు ఆ వేడి మంచిది కాదు.

కాబట్టి రేపు చెప్పాల్సింది: 24 తిరిగి బిగించు, మెయిన్ జెట్ 90 ఉంటే 95 వెయ్యి, ఫుల్ యాక్సిలరేటర్ మీద కాసేపు పోనిచ్చి అక్కడికక్కడే క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి ప్లగ్ తీసి చూడు. పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే చాలు. తెల్లగా ఉంటే ఇంకో సైజు పెంచాలి, మసి పడితే తగ్గించాలి.

ఆ 24 ఉందో, పాత సామాన్లకు వేసేశారో అడగనేలేదు.