సంతకం నాదొక్కటే

ముందు పోపు వాసనే చెప్పింది. ప్రెగ్నెన్సీ కిట్‌లో గీతలు తర్వాత వచ్చాయి.

2023 ఏప్రిల్, విజయవాడ పటమటలో మా అద్దె ఇల్లు. పాపకి ఇంకా రెండేళ్ళు నిండలేదు. అత్తయ్య పప్పుకి పోపు వేశారు. ఆవాలు చిటపటమనగానే నేను సింకు దగ్గరికి పరుగెత్తాను. రెండు గీతలు చూసి బాత్రూంలోనే కూర్చుండిపోయాను. భయమేసింది. తల్లినై ఉండి భయపడుతున్నానే అని సిగ్గేసింది.

పాప కడుపులో ఉన్నప్పుడు ఆరో వారం నుంచి అయిదో నెల దాకా మంచినీళ్ళు కూడా నిలవలేదు. 54 కిలోలదాన్ని 47కి దిగాను. "వేవిళ్ళే కదమ్మా, మేం పడలేదా" అనేవాళ్ళే అందరూ. నిమ్మకాయ వాసన చూడమన్నారు, అల్లం చప్పరించమన్నారు, మరమరాలు తినమన్నారు. మూత్రంలో కీటోన్లు (ఒంటికి తిండి అందక కొవ్వు కరిగితే కనిపించేవి) మూడు ప్లస్సులు వచ్చాక గానీ దీనికి హైపర్‌ఎమిసిస్ అని వేరే పేరుందని, నూటికి ఒకరిద్దరికి ఇలా అవుతుందని తెలియలేదు. నాలుగుసార్లు అడ్మిట్ అయ్యాను. నరం దొరక్క నర్సులు మణికట్టు మీద తట్టి తట్టి వెతికేవాళ్ళు. సెలైన్‌తో పాటు బి1 విటమిన్ ఎక్కించేవాళ్ళు, అది మరీ తగ్గితే మెదడుకే ముప్పట.

బిడ్డను చూశాక అన్నీ మర్చిపోతావన్నారు. నేను మర్చిపోలేదు. పాపంటే ప్రాణం, అది వేరే సంగతి. ఇది మాత్రం మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

ఆ రాత్రి ఆయనతో "ఇంకోసారి నా వల్ల కాదండీ" అన్నాను. "నీ ఇష్టం" అన్నారు, గోడకేసి చూస్తూ. మంచి మాటే. కానీ ఇష్టం నాదైతే రేపు వచ్చే మాటలన్నీ నేనే పడాలి కదా.

సూర్యారావుపేటలో మొదట వెళ్ళిన ఆస్పత్రిలో డాక్టరు దాకా పోనే లేదు. కౌంటర్లోనే "మీ ఆయన్ని తీసుకురండి, ఆయన సంతకం లేనిదే అబార్షన్ చెయ్యం" అన్నారు. తిరిగొస్తూ ఆటో ఆపించి రెండుసార్లు వాంతి చేసుకున్నాను. నాలుగు రోజులకే మళ్ళీ కీటోన్లు.

రెండోచోట డాక్టరమ్మ పెద్దావిడ. ముందు సెలైన్ పెట్టించారు. తర్వాత ఆయన్ని, అత్తయ్యని బయట కూర్చోమన్నారు. "ఇప్పుడు చెప్పమ్మా. ఉంచుకుంటానంటే ఈసారి మందులు ముందునుంచే వాడదాం. వద్దంటే అదీ చూద్దాం. నీకేం కావాలి?" అన్నారు. రెండుసార్లు కడుపుతో ఉన్నప్పుడూ నన్ను ఆ మాట అడిగింది ఆవిడొక్కరే. ఆయన సంతకం సంగతి అడిగితే నవ్వారు. "1971 నుంచీ చట్టం ఉంది. మేజరు ఆడమనిషికి తన సంతకం చాలు. మొగుడిదీ అక్కర్లేదు, అత్తదీ అక్కర్లేదు" అన్నారు.

వెంటనే పెట్టలేదు. రెండు రోజులు టైం అడిగాను. నేను మళ్ళీ అయిదు నెలలు మంచం పడితే పాపకి అన్నం ఎవరు పెడతారు, పక్కన ఎవరు పడుకుంటారు, ఇవే లెక్కలు. మధ్యలో ఎందుకో పాప చిన్నప్పటి గౌన్లు తీసి మడత పెట్టాను. మూడో రోజు సంతకం పెట్టాను. చేతికి సెలైన్ ఎక్కించే కాన్యులా ఉంది, బ్యాంకులో చేసే సంతకంలా రాలేదు.

ఎనిమిదో వారం కాబట్టి మాత్రలతోనే అయింది. అక్కడే ఒకటి మింగించారు, రెండు రోజుల తర్వాత మిగతావి. ఆ రాత్రి నొప్పి, బ్లీడింగ్. ఎంతయితే ఆస్పత్రికి రావాలో ముందే చెప్పారు, అంత కాలేదు. రెండు వారాలకు స్కాన్‌లో ఏమీ మిగల్లేదన్నారు. వాంతులు నాలుగో రోజుకే ఆగాయి. గిన్నెడు పెరుగన్నం తిన్నాను. ఇంత ఆకలేంటి నాకు, ఇప్పుడా అని ఏడుస్తూనే తిన్నాను. రక్తం మాత్రం 8.6 ఉంది, ఐరన్ మాత్రలతో 11కి రావడానికి మూడు నెలలు పట్టింది.

ఆ డిసెంబరులోనే ఈ వాంతుల వెనక జీడీఎఫ్15 అనే హార్మోన్ ఉందని పరిశోధకులు తేల్చారు. అది చదివి అమ్మకి ఫోన్ చేశాను. "చూశావా, నా మనసు గట్టిది కాక వచ్చిన వాంతులు కాదట." అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"ఈ గొడవంతా ఎందుకు, ఆపరేషన్ చేయించేసుకో అమ్మాయ్" అని అత్తయ్య ఇప్పటికీ అంటారు. మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళు పదిమందిలో ఏడుగురు అదే చేయించుకున్నారని 2019-21 సర్వే లెక్క. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. నేను కాపర్-టీ వేయించుకున్నాను.

"మగవాళ్ళది పావుగంట పనటండీ, కుట్లు కూడా ఉండవట" అని ఒకరోజు ఆయనతో అన్నాను. టీవీ సౌండ్ పెంచారు. చూద్దాం, కాపర్-టీ పదేళ్ళు పనిచేస్తుందిగా.