శ్రావణ శనగలు నా పరువు తీసిన వైనం

మా అమ్మాయికి పెళ్లయ్యాక ఇదే మొదటి శ్రావణం. ఆనవాయితీ ప్రకారం మంగళగౌరీ నోము పుట్టింట్లోనే, అంటే మా ఇంట్లోనే పట్టింది. పూజ, కథ, అట్లకాడకి కాటుక పట్టడం అన్నీ చక్కగా అయిపోయాయి, పంతులుగారు కూడా టైముకే వచ్చారు. రాయాల్సిందల్లా శనగల గురించే.

వాయనాలకి నల్ల శనగలు వీధి చివర కొట్లో తెచ్చాం. "కొత్త సరుకేనమ్మా" అన్నాడు, మేం అడక్కుండానే. అడక్కుండా అలా చెప్పేవాళ్ల దగ్గర ఏదీ కొనకండి. రాత్రి నానబోసి పొద్దున తమలపాకులు, అరటిపండుతో పాటు వాయనాల్లో పెట్టాం, మిగిలినవి గుగ్గిళ్లకని కుక్కర్లో వేశా. ఎన్ని విజిల్స్ వచ్చినా సరే, నొక్కి చూస్తే గింజ వేళ్ల మధ్య నుంచి జారి స్టవ్ కిందికి పోతోంది గానీ నలగడం లేదు. గ్యాస్కెట్ పోయిందన్నారు మా ఆయన. చిటికెడు వంటసోడా వెయ్యమంది పక్కింటావిడ. వేస్తే తొక్కలు ఊడి పైకి తేలాయి, లోపలి బద్ద మాత్రం అలాగే ఉంది.

ఈలోపు వియ్యపురాలు, వాళ్ల ఆడపడుచులు వచ్చి హాల్లో కూర్చున్నారు. ఇంక చేసేదేం లేక తాలింపు పెట్టి, కొబ్బరి చల్లి, దేవుడి మీద భారం వేసి ఇచ్చా. ఆవిడ ఒక్క గింజ నోట్లో వేసుకుంది. కటుక్కుమని హాలంతా వినబడింది. దాన్ని మెల్లగా తీసి పళ్లెం అంచున అరటితొక్క పక్కన పెట్టి, "పర్లేదు వదినగారూ, పిల్లకి వంట నెమ్మదిగా అదే వస్తుంది లెండి" అంది. వండింది నేను! పట్టుచీర కట్టుకున్న పిల్ల పొద్దుట్నుంచీ వంటింటి గడపే తొక్కలేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఒంగోలు వైపు శనగ పండించే ఇంట్లో పుట్టిన దాన్ని నేను. మా అన్నయ్య ఇప్పటికీ నల్లరేగడిలో జేజీ 11 రకం శనగ వేస్తాడు. రాత్రికి ఫోన్ చేసి వాడి మీద పడ్డా. వాడు చెప్పిందేంటంటే, శనగ ఫిబ్రవరి, మార్చిల్లో ఇంటికొస్తుంది, శ్రావణానికి కొత్త పంటైనా ఐదారు నెలలది, నిరుటి సరుకైతే ఏడాదిన్నరది. వేడికి, ఉక్కకి గోదాముల్లో మగ్గేకొద్దీ గింజ ఉడకడం మానేస్తుందట. "మీకొచ్చేవి బోరు నీళ్లేనా?" అని కూడా అడిగాడు. హైదరాబాదులో మా అపార్ట్‌మెంట్‌కి బోరే దిక్కు, బకెట్లకి తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం గింజని బిగదీసేస్తాయట.

ఊరుకుంటానా, అవే శనగల్ని సగం బోరు నీళ్లలో, సగం తాగే క్యాన్ నీళ్లలో నానబెట్టి విడివిడిగా ఉడికించా. బోరువి మళ్లీ రాళ్లే. క్యాన్ నీళ్లవి చాలావరకు మెత్తబడ్డాయి, అయినా మధ్యమధ్య గట్టివి తగిలాయి. ఇంకో గుప్పెడు తడిగుడ్డలో మూటకట్టి పెడితే మొలకలొచ్చినవి చాలా తక్కువ, సరుకు పాతదన్నమాట. అంటే నీళ్ల తప్పూ ఉంది, కొట్టువాడి తప్పూ ఉంది. ఆ మూట తీసుకెళ్లి చూపిస్తే, "మొలకలకైతే వేరే రకం ఉంటుందమ్మా" అన్నాడు మొహం నిండా నవ్వుతో.

కాబట్టి కొనేముందు గుప్పెడు తెచ్చి మొలక కట్టి చూడండి. మంచినీళ్లలోనే నానబెట్టి మంచినీళ్లలోనే ఉడికించండి. కూరకైతే నానబెట్టే నీళ్లలో కాస్త ఉప్పు వేస్తే త్వరగా మెత్తబడతాయి, ఉప్పేస్తే ఉడకవనే మాట నమ్మకండి. చింతపండు, టమాటా మాత్రం ఉడికాకే, పులుపు తగిలిందంటే గింజ మొండికేస్తుంది. సోడా వద్దు, సబ్బు వాసన.

అన్నయ్య బస్సులో పార్సిల్ వేసిన శనగలు నిన్న వండా. నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేగాక శనగలు వేసి, తడి ఇంకేదాకా వేయించి, దించాక పచ్చికొబ్బరి, నిమ్మరసం. పంటి కింద తొక్క కొంచెం తగిలి లోపల వెన్నలా విడిపోయాయి. ఉడికించిన నీళ్లు పారబోయకుండా ఉలవకట్టుతో పెట్టినట్టే చారు పెట్టా, మా ఆయన ఆ చారుతోనే అన్నం మొత్తం తినేశారు. మిగిలినవాటిలో సగం వంకాయ కూరలో వేశా, సగం స్టీలు డబ్బాలో పెట్టి వియ్యపురాలికి పంపా, "వండింది అమ్మే" అని చెప్పమని అమ్మాయికి మరీ మరీ చెప్పి. డబ్బా ఇంకా తిరిగి రాలేదు.