బడిలో మా పాపను వేధిస్తుంటే ఫిర్యాదు చేసిన నా అనుభవం

మాది దేవరకొండ దగ్గర ఒక తండా. ఐదో తరగతి దాకా మా పాప తండా బడిలోనే చదివింది, ఆరుకి మండల కేంద్రంలో ఉన్న హైస్కూల్లో వేశాం. దసరా సెలవులయ్యాక బడికి పోనని ఏడవడం మొదలుపెట్టింది, కడుపునొప్పి అంటుంది, డాక్టర్‌కి చూపిస్తే ఏమీ లేదంటాడు. బాగా బుజ్జగించి అడిగితే అప్పుడు చెప్పింది, "యాడీ (అమ్మా), నన్ను పేరు పెట్టి పిలవరు, లంబాడిదానా అంటరు, నా పక్కన ఎవరూ కూర్చోరు" అని. పిల్లలు అనడం ఒక ఎత్తు. లెక్క తప్పు చేసినప్పుడల్లా ఒక సార్ కూడా "మీ తండావాళ్లకు ఎంత చెప్పినా ఇంతే" అంటాడట, క్లాసంతా నవ్వుతుందట. నాకు కడుపు మండిపోయింది.

ముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడాం, తర్వాత హెచ్ఎం మేడంతో. "పిల్లలన్నాక ఒకరినొకరు అనుకుంటరమ్మా, రేపటికి వాళ్లే కలిసిపోతరు, పెద్దది చేయకండి" అన్నారు మేడం. నోటిమాటతో పని కాదని అక్కడే అర్థమైంది.

మా బంధువుల్లో ఒకరు నేరుగా పోలీస్ స్టేషన్‌కి పోదాం, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసు పెడదాం అన్నారు. నల్లగొండ కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా సలహా ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. అక్కడికి పోయి అడిగాం. నలుగురి ముందు కులం పేరుతో తిట్టడం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరమేనని, ఆ హక్కు మాకు ఎప్పుడూ ఉంటుందని చెప్పారు. కానీ అన్నవాళ్లలో ఎక్కువమంది పన్నెండేళ్లలోపు పిల్లలు. వాళ్లను స్టేషన్ మెట్లు ఎక్కించాలని నాకు లేదు. ఆ మాటలు విని కూడా ఊరుకున్న పెద్దవాళ్లు జవాబు చెప్పాలి, అంతే.

బడిలో పిల్లలు పిల్లల్ని వేధించడాన్ని ఆపడానికే అని మనకు ప్రత్యేకంగా కేంద్ర చట్టం లేదు. జపాన్, ఫిలిప్పీన్స్ 2013లోనే అలాంటి చట్టాలు చేసుకున్నాయి, ప్రతి బడి తన పద్ధతి ముందే రాసి పెట్టుకోవాలని అందులో ఉంది. మనకూ అలాంటిది కావాలి, గట్టిగా కావాలి. అది వచ్చేదాకా చేతిలో ఉన్నది 2009 విద్యాహక్కు చట్టం. అందులో 17వ సెక్షన్ ఏ పిల్లనూ కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది, చేసినవాళ్ల మీద సర్వీసు రూల్స్ ప్రకారం చర్య తీసుకోవాలంటుంది. బలహీన, అణగారిన వర్గాల పిల్లల మీద వివక్ష లేకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిదీ స్థానిక సంస్థలదీ అని 8, 9 సెక్షన్లలో ఉంది. 32వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి, తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలుకు పోవచ్చు.

పాప చెప్పినవన్నీ తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాశాను, ఎవరన్నారు, ఏ పీరియడ్, అప్పుడు క్లాసులో ఏ సార్ ఉన్నారు. మా తండా పిల్లలు ఆ బడిలో ఇంకా ఉన్నారు, వాళ్ల అమ్మానాన్నలు మొదట భయపడ్డారు, మార్కులు తగ్గిస్తారేమో, టీసీ ఇచ్చి పంపేస్తారేమో అని. ఎనిమిదో తరగతి అయ్యేదాకా బడి నుంచి తీసేయడం చట్టమే ఒప్పుకోదని చూపించాక కొందరు సంతకం పెట్టారు. దరఖాస్తు రెండు కాపీలు తీసి హెచ్ఎం మేడంకి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకునేదాకా ఆఫీసు గదిలోనే కూర్చున్నాం. ఆ ముద్ర లేకపోతే మనం దరఖాస్తు ఇచ్చినట్టే కాదు.

బడి నుంచి ఏ కదలికా లేదు. సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయి అదే కాగితం ఇచ్చాం, రసీదు ఇచ్చారు, అక్కడి నుంచి డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకి, డీఈఓ నుంచి ఎంఈఓ (మండల విద్యాధికారి)కి. ఎంఈఓ సార్ విచారణకు వచ్చిన రోజు నేను ఒక్కటే అడిగాను, ఆ సార్ ఎదురుగా నిలబెట్టి పిల్లల్ని అడగొద్దని. ఆయన ఒప్పుకున్నారు, పక్క గదిలో నన్ను పాప పక్కనే కూర్చోబెట్టి మాట్లాడారు. అదొక్కటి జరగకపోయి ఉంటే మా పాప నోరు విప్పేది కాదు, ఇది చదివేవాళ్లు మిగతాది మర్చిపోయినా ఫరవాలేదు గానీ ఇది మాత్రం ముందే అడగండి.

సార్‌కి మెమో ఇచ్చారు. అందరి ముందు అన్న మాటకు హెచ్ఎం మేడం గదిలో మాకు క్షమాపణ చెప్పాడు, నిజానికి క్లాసులోనే చెప్పాల్సింది. బెంచీల మీద పిల్లల్ని వారం వారం మార్చి కూర్చోబెడుతున్నారు. ఎక్కువగా అన్న ఇద్దరు పిల్లల అమ్మానాన్నల్ని పిలిపించారు, ఒక తల్లి "మా ఇంట్ల విన్న మాటే వాడు అన్నడు" అని తలదించుకుంది, రెండో ఇంటివాళ్లు ఇప్పటికీ మాతో మాట్లాడరు. పాప బడికి పోతోంది, కానీ ఆ సార్ పీరియడ్ అంటే దానికి ఇంకా టెన్షనే.

విచారణ రిపోర్టు మాత్రం మాకు ఇవ్వలేదు. అందులో ఏం రాశారో తెలియకుండా కమిషన్‌కి పోవాలా వద్దా ఎలా తేల్చుకుంటాం? పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద డీఈఓ ఆఫీసులో కాపీ అడిగాను. 30 రోజుల్లో ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు వేస్తాను, ఆ కాగితం కూడా రాసి పెట్టుకున్నాను.