కాలు నిలవని మనిషి వెంట

అరకు రైల్లో విస్టాడోమ్, అంటే అద్దాల బోగీ, టికెట్లు దొరకలేదని చెల్లెలు తెగ బాధపడింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క సీటుకు పెట్టే డబ్బుతో జనరల్ బోగీలో ఇంటిల్లిపాదీ అరకు వెళ్ళి రావచ్చు. పైగా ఆ పెద్ద పెద్ద అద్దాలు తెరుచుకోవు. గాలి తగలని రైల్లో అమ్మ సింహాచలం దాకా కూడా కూర్చునేది కాదు.

కిందటేడు కార్తీకంలో అమ్మ పోయింది. సంవత్సరీకం పెట్టిన మర్నాడు పొద్దున్నే విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాను. పిక్నిక్ జనంతో బండి కిక్కిరిసి ఉంది. కొత్తవలస దాటేదాకా నిలబడే ఉన్నాను. ఒకాయన ఫోన్లో పాటలు గట్టిగా పెట్టాడు, తగ్గించమంటే నావైపు చూడనైనా లేదు. చాలా కోపమొచ్చింది.

అమ్మ లెక్కల టీచరు. ఆరు రోజులు బడి, ఇల్లు, మేము. ఏడో రోజు తెల్లారేసరికి ఒక్కోసారి మంచం ఖాళీగా ఉండేది. వంటింట్లో పప్పుగిన్నె మూత మీద చీటీ: "బండెక్కాను. రాత్రికొస్తా. పెరుగు తోడుకుంది." ఎక్కడికో రాసేది కాదు. "కాలు నిలవని కోడల్ని తెచ్చుకున్నాం" అని నాయనమ్మ వీధంతా చెప్పుకునేది. నాన్న ఏమీ అనేవారు కాదు. చీటీ చదివి, మడిచి, జేబులో పెట్టుకునేవారు. ఆయన పోయాక బీరువాలో ఆ చీటీలన్నీ దొరికాయి, రబ్బరు బ్యాండు వేసి.

శృంగవరపుకోట దాటి శివలింగపురం వచ్చేసరికి బండి కొండెక్కడం మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్ పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. మొత్తం 58 సొరంగాలంటారు. మొదటిది రాగానే బోగీలో కుర్రాళ్ళు ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఈ లైన్లో ఇది మామూలే. మా చిన్నప్పుడు అందరికంటే గట్టిగా అరిచేది అమ్మే. గంజి పెట్టిన నూలు చీర, జడలో కనకాంబరాలు, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని "ఓ..." అని గుక్క తిప్పుకోకుండా. "ఊరుకోవే, అందరూ చూస్తున్నారు" అని నాన్న అంటే, "చీకట్లో ఎవరు చూస్తారండీ" అనేది. సొరంగం దాటి వెలుగొచ్చేసరికి ముఖమంతా ఎర్రబడి, ఆయాసపడుతూ నవ్వుతుండేది. బడిలో బెత్తం పట్టుకున్న ఆ మనిషేనా అనిపించేది. రెండో సొరంగంలో నేనూ అరిచాను. గొంతు జీరబోయింది.

పక్కన అల్లం మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ నన్ను చూసి, "భయమేసిందేటమ్మా?" అంది.

"లేదు మామ్మా, మా అమ్మ ఇలాగే అరిచేది."

"మరి అరవమ్మా. ఇంకా బోల్డున్నాయి."

ఆ మాటతో పొద్దుటి నుంచి ఉన్న చిరాకంతా పోయింది. త్యాడ, చిమిడిపల్లి ఎప్పుడు దాటాయో చూసుకోలేదు. ఆవిడ మూట విప్పి ఒక అల్లం కొమ్ము తీసి నా చేతిలో పెట్టింది. మన్ను ఇంకా తడిగా ఉంది, గోరు తగిలితే ఘాటు ముక్కుకెక్కింది. డబ్బులివ్వబోతే చెయ్యి తోసేసింది.

బొర్రాలో సగం బోగీ ఖాళీ. గుహలు బాగుంటాయి, కాదనను. అమ్మకు మాత్రం నలుగురూ దిగే చోట దిగడం ఇష్టం లేదు. ఆమె స్టేషను సిమిలిగూడ. సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తు. కాశ్మీర్ లైను రాకముందు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినది ఇదే. ఆ చిన్న ప్లాట్‌ఫారం మీద శాలువా కప్పుకుని, తెచ్చుకున్న పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, తిరుగు బండి వచ్చేదాకా కూర్చునేదట. మాకు పెళ్ళిళ్ళయ్యాక చెప్పిందీ సంగతి. "అక్కడ నన్ను ఎవరూ ఏదీ అడగరే" అంది.

నేనూ అక్కడే దిగాను. నాతోపాటు ఇద్దరో ముగ్గురో దిగారు. కాసేపటికి వాళ్ళూ వెళ్ళిపోయారు. దూరంగా మెట్టపొలాల్లో వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూసి ఉన్నాయి. అమ్మ కూర్చున్న చోటేదో నాకు తెలీదు, అడగడానికి ఎవరూ లేరు. ఏ చోటైతేనేం అనుకుని ఎండ పడుతున్న చోట చూసుకుని కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను, ఆకలేసింది. తెచ్చుకున్న పులిహోర మొత్తం తినేశాను. తర్వాత చాలాసేపు ఏమీ చెయ్యలేదు. ఫోను తీయలేదు. పెళ్ళయినప్పటి నుంచి అంతసేపు ఎవరి పనీ చెయ్యకుండా కూర్చున్న గుర్తు లేదు నాకు. పదిమందికి వండి పెట్టిన మనిషి దీనికోసం ఇంత దూరం ఎందుకొచ్చేదో అప్పుడు తెలిసింది.

అరకు చేరడానికి ఆటోవాడు నోటికొచ్చిన రేటు చెప్పాడు, సీజన్ కదా. బేరమాడాను. అమ్మయితే నడిచేసేది. అక్కడ హోటల్ గదులవి అంతకంటే అన్యాయమైన రేట్లు. రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి, సెలవులకు పిల్లల్ని తీసుకుని రమ్మన్నాను. జనరల్ బోగీలోనే వెళ్దామని, సొరంగాల్లో వాళ్ళు ఎంత అరిచినా ఊరుకోబెట్టొద్దని గట్టిగా చెప్పాను.