మరియొక చోట వ్రాయబడియున్నది

మా పడకగదిలో బీరువా అద్దానికి ఒక వాగ్దానం కార్డు, అంటే కొత్త ఏడాదికి దేవుడి మాటగా తీసుకునే బైబిలు వచనం కార్డు, అంటించి ఉండేది. 2023 డిసెంబరు 31 రాత్రి లాలాగూడలోని మా చర్చిలో వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక పళ్లెంలోంచి నా చేత్తో తీసుకున్న కార్డు అది. 'నీకు అపాయమేమియు రాదు, ఏ తెగులును నీ గుడారమును సమీపించదు.' కీర్తన 91, పదో వచనం. ఇంటికొచ్చి మా ఆయనకు చూపించాను. బాబుతో రెండుసార్లు చదివించాను. ఇక ఈ ఏడాదికి భయం లేదనుకున్నాను.

ఫిబ్రవరిలో వీపు మధ్యన నొప్పి మొదలైంది. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని, రోజంతా బోర్డు ముందు నిలబడే పని. నిలబడ్డం వల్లే అన్నారు అందరూ. ఎముకల డాక్టరు కాల్షియం, నొప్పి మాత్రలు రాశారు. ఐదు నెలలు అలాగే గడిచాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు దిండు తడిసేది. 54 కిలోల దాన్ని 47కి వచ్చాను. జాకెట్లన్నీ కుట్లు వేసుకోవాల్సి వచ్చింది. జులైలో ఒక రోజు బాత్రూంలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను, లేవలేకపోయాను. అప్పుడు తీశారు ఎమ్మారై. వెన్నులో డి-10, డి-11 పూసలు రెండూ తినేసి ఉన్నాయి, పక్కన చీము చేరింది. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష రిపోర్టు వచ్చింది. వెన్నుపూసకు టీబీ.

ఆపరేషన్ అక్కర్లేదు, మందులతోనే తగ్గుతుంది, కానీ కనీసం ఏడాది వాడాలి అన్నారు. మామూలు క్రిములు అరగంట లోపే రెండింతలవుతాయట. ఈ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుందట. నిదానంగా పెరిగేది నిదానంగానే చస్తుందమ్మా అన్నారు డాక్టరు గారు. 2024 ఆగస్టు 5న మొదటి మాత్రలు వేసుకున్నాను. నా బరువుకు రోజుకు మూడు, పరగడుపున. ఒక్కో మాత్రలో నాలుగు మందులు. రెండు నెలల తర్వాత నాలుగు మూడయ్యాయి. మందులు బస్తీ దవాఖానా నుంచి ఉచితంగానే వచ్చేవి, బస్తీలో ఆరోగ్య కార్యకర్త అయిన ఆశా అక్క తెచ్చి ఇచ్చేది. పోషణకని ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలు ఆ నవంబరు నుంచి 1000 అయ్యాయి. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమనుకుని కేక పెట్టాను. అది రిఫాంపిసిన్ అనే మందు రంగు, మందు ఒంట్లో ఉందనడానికి గుర్తు అని ఆశా అక్క చెప్పింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

అదే ఆగస్టు 5న మా నాన్న తన బైబిలు పట్టుకుని వచ్చి నా మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. చదువు పెద్దగా లేదు, బైబిలు చదవడం కోసమే అక్షరాలు గట్టిపరచుకున్నాడు. "పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. రోజుకు మూడు అధ్యాయాలు బిడ్డా" అన్నాడు. ఆదికాండము ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

నాకు అప్పుడు అది అక్కర్లేదనిపించింది. నాకు కావలసింది స్వస్థత వచనాలు. నా ఫోన్ నిండా అవే. యిర్మీయా 29:11, యెషయా 53:5, నిర్గమ 15:26. పువ్వుల బొమ్మల మీద అచ్చేసినవి రోజుకు పది వచ్చేవి. పంపినవాళ్లందరిదీ ప్రేమే, కాదనను. కానీ బెల్టు బిగించి పడుకోబెట్టినప్పుడు, పక్కకు తిరగాలన్నా ఇంకొకరి చెయ్యి కావలసినప్పుడు, ఆ ముక్కలు మనసులో నిలిచేవి కావు. ఒకటి చదివి ధైర్యం తెచ్చుకునేలోపే నొప్పి వచ్చి దాన్ని తుడిచేసేది. ఇంకొకటి వెతుక్కునేదాన్ని. నాన్న మాత్రం లేవీయకాండంలో కుష్ఠు పరీక్షలు, సంఖ్యాకాండంలో గోత్రాల లెక్కలు ఒక్కటీ వదలకుండా చదివాడు. వేలు వరస కింద ఆనించి, దారం కట్టిన కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటే ఎగదోసుకుంటూ. "ఇవెందుకు నాన్నా" అంటే "రాసి ఉన్నాయి కదా" అనేవాడు.

టీబీ అనే మాట బయటకు పొక్కాక మా ఇంటికి రాకపోకలు తగ్గాయి. ఊపిరితిత్తుల్లో లేదు, దగ్గితే అంటేది కాదు అని ఎంతమందికని చెప్తాం? బాబును పక్కింటి పిల్లలతో ఆడనివ్వడం మానేశారు. సెప్టెంబరులో మా చర్చి పాస్టరు అయ్యగారు ఇంటికే ప్రభుభోజనం, అదే రొట్టె, ద్రాక్షరసం, తెచ్చారు. చిన్న వెండి గిన్నె. మా ఆయనకు, నాన్నకు ఇచ్చి నా నోటికి అందించారు. నేను పెదవులు తగలకుండా తాగాలని చూశాను. మిగిలింది ఆచారం ప్రకారం అయ్యగారే తాగాలి. నేను తాగిన వైపే పెదవి ఆనించి, కడవరకు తాగి, గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకున్నారు. ఒక్క మాట అనలేదు. ఆయన వెళ్లాక చాలాసేపు ఏడ్చాను.

నవంబరు 12న మా సంఘం కాని ఒక ప్రార్థన గుంపువాళ్లు వచ్చారు. పేరు అనవసరం. బాగా ప్రార్థన చేశారు, తల మీద నూనె రాశారు. పోయేముందు పెద్దాయన నా మాత్రల పెట్టె చూసి "ఆయన పొందిన దెబ్బలచేత స్వస్థత కలిగిందని నమ్ముతున్నారా అమ్మా? నమ్మితే ఇవెందుకు? మింగిన ప్రతిసారీ మీ అవిశ్వాసం ఒప్పుకున్నట్టే" అన్నారు.

తప్పంతా ఆయన మీద వెయ్యలేను. ఆ మాట నాకు తియ్యగా ఉంది. మూడు నెలలుగా పొద్దున్నే వికారం, తిన్నది ఇమడదు, నోరంతా లోహం రుచి. మాత్రలు మానెయ్యడానికి ఎవరైనా ఒక వచనం ఇస్తే బాగుండునని నాలో నేనే చూస్తున్నాను. మర్నాటి నుంచి మాత్రలు చేతిలోకి తీసుకుని, నాన్న అటు తిరగ్గానే మంచం పక్క పౌడరు డబ్బాలో వేసేదాన్ని. అద్దం మీద కార్డు వైపు చూసి 'నమ్ముతున్నాను ప్రభువా' అనుకునేదాన్ని.

16వ తేదీ పొద్దున మొదటి రాజులు 19 వచ్చింది. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని ఇంతమట్టుకు చాలును, నా ప్రాణం తీసుకోమంటాడు. దేవుడు కోప్పడడు. నీ విశ్వాసం ఏమైందని అడగడు. దూత వచ్చి ముట్టుకుంటాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి. తిని మళ్లీ పడుకుంటాడు. రెండోసారీ లేపి తినమంటాడు, 'నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది' అని. ఎన్నోసార్లు విన్న కథే. అంత అలిసిపోయిన ప్రవక్తకు దేవుడు ముందు తిండి పెట్టాడన్నది ఆ రోజే చెవికెక్కింది. అయినా పౌడరు డబ్బాలోని మాత్రలు బయటికి తియ్యలేదు.

పది రోజులయ్యేసరికి కాళ్లలో తిమ్మిరి మళ్లీ మొదలైంది. 23న ఆశా అక్క వచ్చింది. కబుర్ల మధ్యలో "అక్కా, ఒంటికి ఎర్రగానే వస్తుందా?" అంది. నేను తడబడ్డాను. ఆమె నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా వరండాలోకి పోయి నాన్నతో మాట్లాడింది.

నాన్న తిట్టలేదు. రాత్రి ఎప్పటిలాగే స్టూలు వేసుకున్నాడు. వరసలో రెండో రాజులు 20 వచ్చింది. హిజ్కియా రాజుకు మరణకరమైన జబ్బు. గోడవైపు తిరిగి ఏడుస్తాడు. 'నీవు కన్నీళ్లు విడుచుట చూచితిని', నిన్ను బాగుచేస్తానని దేవుడు మాట ఇస్తాడు. అది ఐదో వచనం. ఇంకా పదిహేనేళ్ల ఆయుష్షు కూడా ఇస్తాడు. ఏడో వచనంలో యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించమంటాడు, కురుపు మీద వేస్తారు, బాగుపడతాడు. నాన్న అక్కడ ఆగి వేలు వెనక్కి జరిపి ఐదు నుంచి ఏడు దాకా మళ్లీ చదివాడు. ఎప్పుడూ అలా చెయ్యడు. చదివి, బైబిలు మూసి, వంటింట్లోకి వెళ్లి గ్లాసుడు నీళ్లు తెచ్చాడు.

పౌడరు డబ్బా తీసి ఇచ్చాను. అందులో 33 మాత్రలున్నాయి.

మర్నాడు డాక్టరు గారి దగ్గర మాట పడ్డాను, పడాల్సిందే. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయని, అప్పుడు ఈ మాత్రలే పనిచెయ్యవని గట్టిగా చెప్పారు. నా అదృష్టం కొద్దీ అంతవరకు పోలేదు. నేను దీన్ని ఇలా విప్పి రాయడానికి కారణం ఇదే. ఇది చదివేవాళ్లలో ఎవరి దగ్గరైనా అలాంటి డబ్బా ఉంటే ఈ రాత్రే తీసి ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టండి.

ఆ క్రిస్మస్‌కు మెదక్ చర్చికి నూరేళ్లు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మిషనరీ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని ఇచ్చి అన్నం పెట్టి కట్టించిన గుడి. నాన్న వాళ్ల తాత అక్కడ రాళ్లు మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా ఆయన, బాబు వెళ్లారు. నేను మంచం మీద ఫోన్లో చూశాను, ఆ రాళ్లు, వాటిని మోసిన వీపులు తలచుకుంటూ.

డిసెంబరు 31 రాత్రికి మేము యోబు గ్రంథంలో ఉన్నాం. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నంతసేపు ఎంత మంచివాళ్లో. నోరు విప్పాకే యోబు వాళ్లను 'పనికిమాలిన వైద్యులు' అన్నాడు. మా ఆయన చర్చి నుంచి నా పేరున ఒక కార్డు తెచ్చాడు. బైబిల్లో పెట్టమన్నాను.

2025 ఫిబ్రవరి 9న 88వ కీర్తన వచ్చింది. కీర్తనలు ఎంత చీకట్లో మొదలైనా చివరికి వెలుగులోకి వస్తాయనుకునేదాన్ని. ఇది రాలేదు. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అని ఆగిపోయింది. ముప్పై ఆరేళ్లుగా చర్చికి వెళ్తున్నాను, దీని మీద ఒక్క ప్రసంగం వినలేదు. రాత్రుళ్లు నేను పైకి అనలేని మాట దేవుడి పుస్తకంలోనే ఉంది, ఆయనతోనే అన్న మాటగా ఉంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మధ్యాహ్నం 91. అప్పటికి బెల్టు పెట్టుకుని నడుస్తున్నాను. లేచి వెళ్లి అద్దం మీది కార్డు ఊడదీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నాన్న పదో వచనం దగ్గర ఆగలేదు, సాగిపోయాడు. పదిహేనుకు వచ్చాడు. 'శ్రమలో నేనతనికి తోడై యుండెదను.' ఏడాది పైగా రోజూ చూసిన కార్డుకు ఐదు వచనాల కింద ఈ మాట ఉంది. కార్డు అంతవరకు రాదు కదా. శ్రమలో అన్నాడు దేవుడు. ఆ 'లో' అన్న అక్షరం దగ్గర నా ఏడాదంతా ఉంది. గిన్నెకు పెదవి ఆనించిన అయ్యగారు, ఎర్రగా వస్తుందా అని అడిగిన అక్క, స్టూలు మీద నాన్న, అంతా ఆ లోపలే.

జూన్ 12న బడులు తెరుస్తారు. సగం పూట పాఠాలకు, అదీ కూర్చుని చెప్పడానికి స్కూలువాళ్లు ఒప్పుకున్నారు. ముందు రోజు, 11న, మత్తయి 4. సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమంటూ వచనం చెప్తాడు. ఏ వచనం? అదే 91వ కీర్తన, నా కార్డుకు సరిగ్గా కింది వచనాలు. ఒళ్లు జలదరించింది. నవంబరులో నేను డబ్బా మూత తీసిన ప్రతిసారీ ఆ శిఖరం మీదే నిలబడ్డాను. యేసు ఆ వచనం అబద్ధమనలేదు. 'ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదని మరియొక చోట వ్రాయబడియున్నది' అన్నాడు.

"మరియొక చోట" అని నాన్న మళ్లీ చదివాడు. ఆయన ఒక వచనాన్ని వెనక్కి వెళ్లి చదవడం అది రెండోసారి.

ఆగస్టులో మళ్లీ ఎమ్మారై తీశారు. చీము పోయింది, పూసలు రెండూ అతుక్కున్నాయి. వీపు కొంచెం వంగింది, అది ఇక ఉంటుంది. బిందె ఎత్తకూడదు. నేను ఆపిన రోజులు కూడా కలుపుకుని ఇంకో మూడు నెలలు మందులు వాడదామన్నారు.

సెప్టెంబరు 5న ప్రకటన 22 అయిపోయింది. నాన్న ఆమేన్ అని కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. అయిపోయింది కదా, రేపటి నుంచి విశ్రాంతి తీసుకో నాన్నా అన్నాను. మర్నాడు పొద్దున మాత్రలు మింగి గ్లాసు పెడుతుంటే స్టూలు జరిగిన చప్పుడైంది.

"మాత్రలు ఇంకా ఉన్నాయి కదా బిడ్డా" అని, చేతిలోని బైబిలును నా ఒళ్లో పెట్టాడు. "ఈసారి నువ్వు చదువు. నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి."

మొదటి పేజీ తీసి, వరస కింద వేలు ఆనించాను.