ఉదయం ఏడున్నరకి ఒక మెసేజ్

2020 ఆగస్టు 2, ఆదివారం. మెల్‌బోర్న్‌లో ఆ సాయంత్రం నుంచి కోవిడ్ లాక్‌డౌన్‌లో అన్నిటికంటే కఠినమైన స్టేజ్ ఫోర్ మొదలైంది. రాత్రి 8 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ. ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటకూడదు. నడకకి రోజుకి ఒక్క గంట. సరుకులకి ఇంటికొకరు, రోజుకి ఒకసారి. టీవీలో ఆ నిబంధనలు చదువుతుంటే 'ఇంటికొకరు' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మా ఇంట్లో ఉన్నదే నేనొక్కదాన్ని.

ఫుట్‌స్క్రేలో ఒక పడకగది యూనిట్ నాది. ఆఫీసు మార్చిలోనే మూసేశారు, అప్పటినుంచీ భోజనం బల్ల మీదే పని. నాది ఒక కంపెనీ పేరోల్ విభాగంలో ఉద్యోగం. ఎవరి జీతం తగ్గింది, ఎవరిని పంపేశారు అన్నది అందరికంటే ముందు నాకే తెలిసేది. ఆ లెక్కలు వేస్తూ, వచ్చే నెల ఈ జాబితాలో నా పేరు ఉంటుందేమోనని టెన్షన్ పడేదాన్ని. నాది అప్పుడు 482 వీసా, అంటే కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా. అప్పటి నిబంధన ప్రకారం ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. కంపెనీలు మూతపడుతున్న రోజుల్లో ఎవరు దొరుకుతారు? ఉద్యోగాలు నిలబెట్టడానికి ప్రభుత్వం రెండు వారాలకి 1,500 డాలర్ల చొప్పున ఇచ్చిన 'జాబ్‌కీపర్' సాయం మాలాంటి తాత్కాలిక వీసా వాళ్లకి వర్తించలేదు.

"వచ్చెయ్యవే" అని అమ్మ రోజూ అనేది. రావడం ఎలా? మార్చి 20 రాత్రి నుంచి ఆస్ట్రేలియా సరిహద్దులు మూసింది. రెండు రోజులకే ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. మే నెలలో వందే భారత్ విమానాలు మొదలయ్యాక వెళ్లడానికి దారి దొరికింది కానీ, నాలాంటి వీసా ఉన్నవాళ్లు మళ్లీ ఇక్కడ అడుగు పెట్టాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అది రాకపోతే నాలుగేళ్లు కట్టుకున్నదంతా వదులుకున్నట్టే. అందుకని ఉండిపోయాను. అమ్మకి మాత్రం "ఇక్కడ అంతా బాగానే ఉంది" అని చెప్పేదాన్ని.

ఒంటరితనమంటే మాట్లాడే మనిషి లేకపోవడం అనుకునేదాన్ని. అది నిజం కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగుల్లో మాట్లాడుతూనే ఉన్నాను. రాత్రి అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టి తన పని తాను చేసుకునేది, నేను గిన్నెల చప్పుడు, కుళాయి చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. మాటలకి లోటు లేదు. నన్ను చూసే మనిషే లేదు. తల దువ్వుకున్నానా, తిన్నానా, నిన్న వేసుకున్న బట్టలే ఈ రోజూ వేసుకున్నానా అన్నది ఇంకొకరి కంటపడకపోతే, కొన్నాళ్లకి మనకి కూడా కనబడడం మానేస్తుంది. ఇది బయటినుంచి చూసేవాళ్లకి అర్థం కావడం కష్టం. వీడియోలో భుజాల పైన మాత్రమే కనిపిస్తాం కదా.

ఆగస్టు మొదటి వారంలో నాకు జ్వరం వచ్చింది. 5వ తేదీన మా విక్టోరియా రాష్ట్రంలో ఒక్కరోజే 725 కేసులని ప్రకటించారు. టెస్ట్ చేయించుకుని వచ్చి, ఫలితం వచ్చేదాకా గడప దాటకుండా ఉన్నాను. రెండో రాత్రి బాత్రూమ్‌లో కళ్లు తిరిగి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. అప్పుడు భయం వేసింది జబ్బుకి కాదు. ఇక్కడే పడిపోతే ఎప్పటికి తెలుస్తుంది, ఎవరికి తెలుస్తుంది అని. అమ్మకి తెలిసినా వచ్చి తలుపు కొట్టే వీలు లేదు. మూడో రోజు నెగెటివ్ అని మెసేజ్ వచ్చింది. ఆ భయం మాత్రం పోలేదు.

దాని గురించి నేను చెప్పింది ఒక్క అక్కకే. నాకంటే పదేళ్లు పెద్ద. రైలు ప్రయాణాల్లో పరిచయమైన మనిషి, నదికి అవతల ఎసెన్‌డన్ వైపు తనూ ఒక్కతే ఉండేది. ఏజ్డ్ కేర్‌లో, అంటే వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని. ఆ శీతాకాలంలో విక్టోరియాలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఏజ్డ్ కేర్‌లోని వృద్ధులే. వాళ్ల పిల్లలని లోపలికి రానివ్వకపోతే, అక్కే ట్యాబ్లెట్ పట్టుకుని పక్కన నిలబడి వీడియోలో చూపించేది. అంత పని చేసి వచ్చి కూడా నా గోడు ఓపిగ్గా వింది.

"మా దగ్గర పెద్దవాళ్లని పొద్దున్నే వెళ్లి ముందు పేరు పెట్టి పిలుస్తాం అమ్మా. పలికితే సగం పని అయినట్టే. మరి నిన్ను పొద్దున్నే ఎవరు పిలుస్తున్నారు?" అంది.

"మిమ్మల్నెవరు పిలుస్తున్నారు అక్కా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అప్పుడే ఒప్పందం చేసుకున్నాం. రోజూ ఉదయం ఏడున్నరకల్లా ఇద్దరం 'లేచాను' అని ఒక్క మాట పంపుకోవాలి. ఇంకేమీ రాయక్కర్లేదు. తొమ్మిదయినా రాకపోతే ఫోన్ చేయాలి. ఎత్తకపోతే పోలీసులకి చెప్పి వెల్‌ఫేర్ చెక్ అడగాలి. ఒంటరిగా ఉన్న మనిషి జాడ తెలియకపోతే ఇక్కడి పోలీసులు ఇంటికి వెళ్లి చూసి వస్తారు. ఆ అవసరం ఒక్కసారి కూడా రాలేదు. కానీ ఎవరో ఒకరు నా మాట కోసం తొమ్మిది దాకా చూస్తారని తెలిశాక, రాత్రి బాత్రూమ్‌కి వెళ్లడానికి భయపడడం మానేశాను. మనిషికి ధైర్యం చెప్పడం కంటే ఇలాంటి చిన్న ఏర్పాటు చేయడం మేలని ఇప్పటికీ నమ్ముతాను.

ఇద్దరి ఇళ్ల మధ్య నాలుగు కిలోమీటర్లు. బయట ఇంకొక మనిషితో కలిసి నడవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. కానీ ఉన్నది గంటే. మరిబిర్నాంగ్ నది పక్క బాట మీద చెరి రెండు కిలోమీటర్లు నడిస్తే మధ్యలో కలుస్తాం. రావడానికి ఇరవై అయిదు నిమిషాలు, పోవడానికి ఇరవై అయిదు. మిగిలింది పది. ఆదివారం ఉదయం ఆ పది నిమిషాల కోసం వారమంతా చూసేదాన్ని. మాస్కులో కళ్లే కనిపిస్తాయి, అయినా చాలా దూరం నుంచే నడక చూసి అక్కని గుర్తుపట్టేదాన్ని. తను మరీ దగ్గరికి వచ్చేది కాదు. తన పని వల్ల నాకేమైనా అంటుకుంటుందేమోనని భయం. ఏటిగాలికి ముక్కులు గడ్డకడుతుంటే రెండు మీటర్ల ఎడంలో నిలబడి వారం కబుర్లు చెప్పుకునేవాళ్లం.

ఇంట్లోకి మాత్రం రాకూడదు. వేరే ఇంట్లో ఉంటున్న భాగస్వామి ఉన్నవాళ్లు కర్ఫ్యూలో కూడా ఒకరి దగ్గరికి ఒకరు వెళ్లొచ్చు. ఎవరూ లేనివాళ్లకి ఆ వెసులుబాటు లేదు. ఆరు వారాల పాటు నా గడప ఇంకొకరు తొక్కలేదు. ఇన్‌ఫెక్షన్ అరికట్టాలన్న ఉద్దేశం నాకు అర్థమైంది, నిబంధనలన్నీ పాటించాను కూడా. కానీ మాలాంటివాళ్లు కూడా ఉన్నారని మొదటి రోజే గుర్తుంచుకోవాల్సింది. సెప్టెంబర్ 6న అప్పటి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) డేనియల్ ఆండ్రూస్ 'సింగిల్ సోషల్ బబుల్' గురించి చెప్పారు. ఒంటరిగా ఉండేవాళ్లు ఒక్క మనిషిని ఎంచుకుని ఇంటికి పిలుచుకోవచ్చు. ఇన్నాళ్లకి నిబంధనల్లో నేను కూడా కనిపించాను. లాప్‌టాప్ మూసేసి ఏడ్చాను.

14వ తేదీ నుంచి అమలు. అక్క టెస్ట్ చేయించుకుని, నెగెటివ్ వచ్చాకే బయల్దేరింది. తను వచ్చేలోపు నేను ఇల్లంతా తుడిచాను, దిండ్ల గలీబులు మార్చాను, కుర్చీ మీద గుట్టగా పడేసిన బట్టలు సర్దాను. ఆ బట్టలు జులై నుంచీ అక్కడే ఉన్నాయని అప్పుడే గమనించాను. అక్క వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది.

అక్టోబర్ 26న కేసులు సున్నా, మరణాలు సున్నా అని ప్రకటించారు. మర్నాడు అర్ధరాత్రితో ఇల్లు కదలొద్దన్న ఆంక్ష పోయింది. 2021లో మళ్లీ లాక్‌డౌన్లు వచ్చాయి. రెండేళ్లలో అన్నీ కలిపితే 262 రోజులు. వాటన్నిటిలోనూ ఏడున్నర మెసేజ్ ఆగలేదు.

ఇప్పుడు అక్క అడిలైడ్‌లో ఉంటోంది. అక్కడి గడియారం మా కంటే అరగంట వెనక. నా 'లేచాను' వెళ్లిన అరగంటకి తనది వస్తుంది.