రాగి నాణేల బరువు

ఇవాళ ఆదివారం. పొద్దుట్నుంచీ ముసురు. పది దాకా పడుకుందామనుకున్నా గానీ మా ఆవిడ పడనివ్వలేదు. అటక దగ్గర నీళ్లు కారుతున్నాయంది. స్టూలెక్కి చూస్తే కారడం లేదు, గోడకి చెమ్మ పట్టింది, అంతే. కానీ ఆ గోడని ఆనుకునే నాలుగు అట్టపెట్టెలున్నాయి. అమ్మావాళ్లు పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు తెచ్చి పడేసినవి. తడవకముందే దింపెయ్యమంది. మూడింట్లో స్టీలు సామాను. నాలుగోదాంట్లో నా ఇంటర్ రికార్డులు, వాటి అడుగున ఒక ప్లాస్టిక్ కవరు, అందులో చక్రం.

చక్రమంటే చిన్నప్పుడు ఆడిన ఓ కంప్యూటర్ ఆట కోసం చేసుకున్నది, ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు గుండ్రటి అట్టలు. జెరాక్స్ కాగితాల్ని ఎవరిదో శుభలేఖ వెనక అన్నంమెతుకులతో అంటించి కత్తిరించాం. మధ్యలో ఇరుసు కింద పిన్ని కుట్టుపెట్టెలోంచి కొట్టేసిన టిచ్ బటన్. వెనక్కి తిప్పి చూస్తే ఇప్పటికీ "చి.ల.సౌ." అన్న ముక్క కనిపిస్తోంది, అంచున పసుపు మరక కూడా. ముందువైపు మాత్రం వేరే లోకం. పై అట్ట అంచున ఒక లిపి, కింది అట్ట అంచున ఇంకో లిపి. ఒకటి ఇంగ్లీషు కథల్లో వచ్చే ఎల్ఫులనే జాతిది, ఇంకోటి మరుగుజ్జులది. తిప్పి చూశా. టిచ్ బటన్ ఇంకా టిక్ టిక్‌మంటోంది.

1992 వేసవి సెలవులు. గుంటూరులో బాబాయి వాళ్లిల్లు. చిట్టీల లెక్కల కోసమని బాబాయి కంప్యూటర్ కొన్నాడు. దానికి గులాబీరంగు గుడ్డ కవరు, పక్కన గుర్రుమనే స్టెబిలైజర్. అమెరికా నుంచి వచ్చిన పెద్దన్నయ్య ఒక పుస్తకం జెరాక్సూ, ఆట ఉన్న కొన్ని ఫ్లాపీ డిస్కులూ వదిలేసి వెళ్లాడు. ఆట పేరు 'పూల్ ఆఫ్ రేడియన్స్'. 1988లో ఎస్‌ఎస్‌ఐ అనే అమెరికా కంపెనీ తీసింది. ఆ వరస ఆటలు ఎక్కువగా బంగారు రంగు పెట్టెల్లో వచ్చేవి కాబట్టి వాటికి గోల్డ్ బాక్స్ ఆటలని పేరు. మాకు పెట్టె రాలేదు. జెరాక్స్ వచ్చింది.

ఆట మొదలవగానే రెండు అక్షరాలు, ఒక గీత చూపిస్తుంది. చక్రం మీద ఆ రెండు అక్షరాల్నీ ఎదురెదురుగా పెట్టి, ఆ రకం గీత వెంబడి కనిపించే మాట చదివి టైపు చెయ్యాలి. మూడుసార్లు తప్పితే బయటికి గెంటేస్తుంది. కాపీ కొట్టేవాళ్లని ఆపడానికి పెట్టిన తాళం అది. మేం అచ్చంగా ఆ బాపతే. మా జెరాక్స్‌లో చుక్కల గీత, చుక్కా-అడ్డగీత కలిసిన గీత ఒకేలా కనిపించేవి. అక్క బాబాయి కళ్లజోడు పెట్టుకుని మరీ చూసేది. అక్కంటే బాబాయి కూతురు, నాకన్నా రెండేళ్లు పెద్ద. చదవడం తనది, టైపు చెయ్యడం నాది.

అసలు ఆ ఆటలో సగం కంప్యూటర్‌లో ఉండేదే కాదు. ఫ్లాపీలో చోటు చాలక కథలో చాలా భాగం జర్నల్ అనే పుస్తకంలో అచ్చేశారు. ఆట మధ్యలో "జర్నల్‌లో ఫలానా నంబరు చదువుకో" అని వచ్చేది. ముందే చదివేసే తొందరగాళ్ల కోసం అందులో కొన్ని అబద్ధాలు కూడా కలిపారు. అక్క ఒక మధ్యాహ్నం పడుకుని పుస్తకమంతా చదివేసి, ఒక అబద్ధాన్ని పట్టుకుని మమ్మల్ని రెండు రోజులు తిప్పింది. ఇప్పటికీ ఒప్పుకోదు.

ఊరి పేరు ఫ్లాన్. సగం ఊరిని రాక్షసులు ఆక్రమించుకున్నారు. ఆరుగురిని పోగేసుకుని పేట తర్వాత పేట ఖాళీ చేయిస్తుంటే ఊరి పెద్దలు డబ్బులిస్తారు. మా ఆరుగురిలో కత్తి పట్టేవాడు భీముడు, దొంగ తెనాలి, మంత్రగాడు ఫకీరు. పాపం ఫకీరుకి మొదట్లో ఒకటే మంత్రం. నిద్ర మంత్రం వేస్తే గోబ్లిన్లనే పొట్టి రాక్షసులు గుంపులు గుంపులుగా పడిపోయేవి, ఆ వెంటనే ఫకీరు ఆ మంత్రం మర్చిపోయేవాడు. మళ్లీ కూర్చుని బట్టీ పట్టాలి. పరీక్షలైపోయిన మరుసటి రోజు మా పరిస్థితీ అదే కాబట్టి మాకు వింతగా అనిపించలేదు.

ఇక నాణేలు. ప్రతి గొడవ తర్వాతా రాగి, వెండి, బంగారం కుప్పలుగా దొరికేవి. అన్నిటి బరువూ ఒకటే, పది నాణేలు ఒక పౌండు. కానీ ఒక బంగారు నాణేనికి 200 రాగి నాణేలు. రాగి పారేద్దామని నేను. డబ్బుని పారేస్తారా ఎవరైనా అని అక్క. మోసి మోసి భీముడు ఒక అడుగేసేలోపు శత్రువులు నాలుగు అడుగులు వేసే స్థితికి వచ్చాడు. అలాగే మురికివాడలో ఒక గది తలుపు తీశాం. లోపల ట్రోల్స్ అనే పెద్ద రాక్షసులు. చచ్చిన ట్రోల్ కాసేపటికి మళ్లీ లేస్తుంది. అది పడిన గడిలో మనవాణ్ని నిలబెడితే లేవదు. నిలబెట్టడానికి భీముడు అక్కడిదాకా నడిస్తేగా! ఆరుగురూ పోయారు, రాగి నాణేలతో సహా. ఆటని సేవ్ చేసి గంటన్నరైంది, అంటే ఆ గంటన్నర ఆటా పోయినట్టే. అక్క ఏడవలేదు గానీ ఆ రాత్రి అన్నం తినలేదు.

(అక్కకి తెలియని సంగతి ఒకటుంది. ఆట మొదలుపెట్టకముందు మనవాళ్ల బలం, తెలివి మనమే పెంచుకునే వీలు అందులోనే ఉంది. అది మోసం, ముట్టుకోవద్దంది తను. రెండోసారి జట్టు కట్టినప్పుడు అందరూ పడుకున్నాక లేచి భీముడి బలం పెంచేశాను. "చూశావా, ఈసారి వీడికి అదృష్టం బాగుంది" అంది పొద్దున్న.)

ఆట పూర్తి చెయ్యలేదు. జూన్‌లో స్కూళ్లు తెరిచారు. దసరాకి వెళ్లేసరికి మూడో ఫ్లాపీ చదవనంది.

మధ్యాహ్నం భోజనం చేశాక లాప్‌టాప్‌లో అదే ఆటని డబ్బులు కట్టి దింపుకున్నా. ముప్పయ్యేళ్లు దాటాక కట్టిన బాకీ. పుస్తకం పీడీఎఫ్‌గా వచ్చింది, శుభ్రంగా, ఏ గీత ఏదో తెలిసేలా. మావాడు వచ్చి భుజం మీంచి చూశాడు.

"ఊరు ఈ డబ్బాలోదేనా నాన్నా? మిగతా స్క్రీనంతా ఖాళీయేగా?"

నిజమే. ఎడమవైపు మూల అగ్గిపెట్టంత కిటికీ, అందులో ఇటుక గోడ. పక్కన ఆరు పేర్లు. అడుగు వేస్తే ఇంకో ఇటుక గోడ. అప్పుడు ఆ గోడల మీద నాచు ఉండేదని, మలుపు దగ్గర మురుగు వాసన వచ్చేదని ప్రమాణం చేసి చెప్పగలను. వాడికి చెప్పలేదు. వాడు కాసేపు నిలబడి, జట్టులో దొంగకి బటర్‌మిల్క్ అని పేరు పెట్టించి, ట్యూషన్‌కి వెళ్లిపోయాడు.

నేను ఒక్కణ్నే ఓ గంట ఆడాను. బాగానే ఉంది. కానీ ఒక చేత్తో టైపు చేస్తూ ఇంకో చేత్తో ఫోన్‌లో పీడీఎఫ్ జరుపుకోవాల్సి వస్తే ఎవరో లేచి వెళ్లిపోయినట్టుంది.

సాయంత్రం చక్రానికి ఫొటో తీసి అక్కకి వాట్సాప్ చేశా. అక్క ఇప్పుడు విశాఖలో ఉంటుంది, బ్యాంకులో ఆడిటింగ్. టిక్కులు నీలమయ్యాయి గానీ జవాబు లేదు. రాత్రి ఇడ్లీ తింటుంటే వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కుక్కర్ విజిల్.

"ఒరేయ్, అది మా అత్తయ్య కూతురి శుభలేఖరా! దానికోసం అమ్మ ఇల్లంతా వెతికింది. సరే గానీ, ఆడుతున్నావా మళ్లీ? రాగి పారెయ్యకు. వచ్చే ఆదివారం నేనొచ్చి చూస్తా."